ఆ వీధిలో అలాంటివాళ్లెవరూ లేరు

“నాకేం కోపం లేదు. ఇల్లు వదిలి పోయినవాళ్ల మీద నాకెందుకు కోపం?” అంది అత్తగారు ఫోనులో. కోపం లేదని చెప్పటానికే ఆవిడ పొద్దుటినుంచి ఫోను మీద ఫోను చేస్తోంది.

“వదిలి ఎక్కడికి పోయానత్తయ్యా? వంతెన దాటి వదిన వాళ్లింటికొచ్చాను. సాయంత్రానికి ఇంట్లో ఉంటాను.”

“సూట్‌కేసు పట్టుకుని వెళ్తే వీధంతా ఏమనుకుంటుంది?”

“ఏమనుకుంటున్నారు?”

అత్తగారు తడబడింది. ఈ కోడలితో వచ్చిన చిక్కే ఇది. మాటవరసకి అన్నదానికి కూడా జవాబు కావాలంటుంది.

“పక్కింటి వెల్డరు అడిగాడు, ‘చెల్లెమ్మకీ మీకూ పడలేదా పెద్దమ్మా?’ అని. ‘మా ఇల్లు చిరునామాకి కూడా పనికిరాదని తేలింది నాయనా, అందుకే వెళ్లింది’ అన్నాను.”

అని ఫోను పెట్టేసింది.

ఆడపడుచు మాత్రం ఇవేవీ పట్టించుకునే స్థితిలో లేదు. మూడో అంతస్తులో ఉన్న తన ఫ్లాట్లో తమ్ముడి భార్య కాపురం ఉంటున్నట్టు కనిపించేలా సర్దుతోంది. మరదలి చీరలు బాల్కనీలో ఆరేసింది. తమ్ముడి పెళ్లి ఫొటో టీవీ పక్కన పెట్టింది. గుమ్మం దగ్గర మరదలి చెప్పులు పెట్టి, వెనక్కి జరిగి చూసి, మళ్లీ తీసేసి తనవి పెట్టింది.

“అవేం చేశాయి వదినా?”

“వంతెన అవతలి చెప్పులని చూడగానే తెలిసిపోతోంది.”

“చెప్పుల్ని చూసి కూడా చెప్పేస్తారా?” కోడలికి నిజంగానే తెలుసుకోవాలనిపించింది. “దుమ్మును బట్టా, అరుగుదలను బట్టా?”

“అమ్మా తల్లీ, ఆ మనిషి వచ్చినప్పుడు ఇలాంటివి అడక్కు. అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకో. నీకు పుణ్యముంటుంది.”

ఆ మనిషి అంటే, వాయిదాల మీద సరుకులిప్పించే కంపెనీ తరఫున ఇళ్లు చూసి వెళ్లే మనిషి. కోడలు వాషింగ్ మెషిన్ కోసం దరఖాస్తు పెట్టుకుంది. ఆమె ఉండే ఇల్లు వంతెనకి అవతల. దరఖాస్తులో రాసిన ఇల్లు ఇవతల, ఆడపడుచుది.

అంతకుముందు సొంత చిరునామాతోనే పెట్టింది. కాదన్నారు. అదే షాపులో, అదే కుర్చీలో కూర్చున్న ఆడపడుచుకి మాత్రం తెప్పించిన టీ చల్లారేలోపు ఫ్రిజ్ ఇచ్చేశారు. ఆడపడుచుకి సంపాదన లేదు. ఆమె భర్త జీతం వచ్చిన వారానికే చేబదుళ్లకి తిరుగుతాడు. కోడలు స్టేషన్ దగ్గరి లాడ్జి దుప్పట్లు ఉతికి సొంతంగా సంపాదిస్తోంది, ఎవరికీ బాకీ లేదు. కారణం అడిగితే షాపువాళ్లు “కంప్యూటర్ ఒప్పుకోలేదండీ” అన్నారు.

ఇంకొకరైతే ముఖం వేలాడేసుకుని ఇంటికొచ్చేవాళ్లు. ఈవిడ “ఏం చూసి ఒప్పుకోలేదు?” అని అడిగింది. అది వాళ్లకీ తెలియదు. అప్పుడు పుట్టింది ఈ ఆలోచన. మనిషినీ, పనినీ, సంపాదననీ అలాగే ఉంచి చిరునామా ఒక్కటీ మార్చి చూడాలని.

“చూసి ఏం చేస్తావు?” అన్నాడు ఆమె భర్త. ఆయన లిఫ్టు మెకానిక్. ఆగిపోయిన లిఫ్టుకి ఒక్కో భాగం మార్చి చూసి లోపం ఎక్కడుందో పట్టుకోవటం ఆయన రోజూ చేసే పని. అదే పని భార్య చేస్తానంటే విసుక్కున్నాడు.

ఆమెది ఉత్త ఉబలాటం కూడా కాదు. వచ్చే నెలనుంచి మెషిన్‌లో ఉతికిన దుప్పట్లే తీసుకుంటానని, చేత్తో ఉతికినవి వద్దని లాడ్జి మేనేజరు తెగేసి చెప్పాడు. బట్టల సోడా నీళ్లలో నాని నాని కోడలి వేళ్ల మధ్య చర్మం పగిలిపోయింది. చేతులు తడికి దూరంగా ఉంచమని డాక్టరు చెప్పి చాలాకాలమైంది. మెషిన్ వస్తే పని నిలుస్తుంది, చేతులు బాగుపడతాయి. రాకపోతే పనీ పోతుంది, బాగుచేయించుకోవటానికి చేతిలో డబ్బూ ఉండదు.

కాలింగ్ బెల్ మోగింది.

వచ్చినవాడు వయసు మళ్లుతున్న మనిషి. నుదుటి మీద హెల్మెట్ నొక్కుకున్న గీత ఉంది. ఆయన చెప్పుల్ని చూడలేదు, చీరల్ని చూడలేదు, పెళ్లి ఫొటోకి వీపు పెట్టి కూర్చున్నాడు. మంచినీళ్లు అడిగి తాగి, కాగితంలో ఉన్న పేరు చదివాడు.

“మీరేనా అమ్మా?”

“నేనే.”

“ఇక్కడే ఉంటున్నారా?”

“ఉంటోంది, ఉంటోంది,” అంది ఆడపడుచు ముందుగానే.

“పక్కవాళ్లని ఓ మాట అడగాలి. రూలు.”

ఆడపడుచు ముఖం పాలిపోయింది. తన ఫ్లాటంతా సర్దింది గానీ, పక్క ఫ్లాటు సంగతి గుర్తురాలేదు. బెల్ కొట్టగా కొట్టగా, చెవుల్లో వైర్లు పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతున్న ఒకాయన సగం తలుపు తీశాడు.

“ఈవిడ ఈ ఫ్లాట్లో ఉంటారా అండీ?”

“ఆ, ఉంటారుగా. రోజూ చూస్తూనే ఉంటాను,” అని ఆయన తలుపు వేసేసుకున్నాడు.

కోడలు ఆయన్ని ఎన్నడూ చూసి ఎరగదు.

“ఆయన నన్నెప్పుడు చూశాడు వదినా?” అంది గుసగుసగా.

“నన్నే ఎప్పుడూ చూడలేదు. నోరుమూసుకో.”

పని అయిపోయినట్టే. కంపెనీ మనిషి లోపలికొచ్చి కాగితం మీద టిక్కులు పెట్టుకుంటున్నాడు. సంతకం పెట్టించుకుని వెళ్లిపోవటమే మిగిలింది. ఆడపడుచు టీ తెచ్చింది. త్వరగా తాగి లేస్తాడని చల్లార్చి మరీ తెచ్చింది.

కోడలు ఉండలేకపోయింది.

“మీరు వంతెన అవతల కూడా తిరుగుతారా?”

ఆడపడుచు కళ్లతోనే నరికేసింది.

“తిరక్కేం? నా బండి టైర్లు అరిగింది ఆ వీధుల్లోనే.”

“అవతలివాళ్లకి ఏదీ ఇవ్వరని విన్నాను. ఎందుకని? కట్టరనా?”

“కడతారో కట్టరో తెలియాలంటే ముందు ఇవ్వాలి కదమ్మా! కట్టే సంగతి వరకూ ఎక్కడొచ్చింది? అక్కడ నీళ్ల ట్యాంకు వెనకాల ఓ వీధి ఉంది. ఆ వీధిలో అసలు మనుషులే ఉండరు.”

కోడలిది ఆ వీధే.

“ఉండకపోవటమేమిటండీ? ఇళ్లున్నాయిగా?”

“ఇళ్లుంటాయి. తలుపులు తీసి ఉంటాయి. పొయ్యి మీద ఏదో ఉడుకుతూ కూడా ఉంటుంది. ఎవరి పేరు అడిగినా అలాంటివాళ్లెవరూ ఇక్కడ లేరంటారు. ఒకావిడ నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, నేను వెతుకుతున్న మనిషి ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిపోయిందని చెప్పింది. అంతలో లోపల్నుంచి ఎవరో అదే పేరు పెట్టి పిలిచారు. ‘వస్తున్నా’ అంటూ ఆవిడే లేచి వెళ్లింది.”

కోడలికి నవ్వొచ్చింది. ఆ ఆవిడ ఎవరో కూడా తెలిసిపోయింది.

“మరి మీరేం చేస్తారు?”

“చేసేదేముంది? మనిషి ఆచూకీ లేదని రాస్తాం. రాసి రాసి ఆ వీధికి ఆ పేరు పడిపోయింది. మరో చోట అయితే మనిషి దొరక్కపోతే మళ్లీ పంపుతారు. ఆ వీధికి రెండోసారి పంపరు. ఈమధ్య కూడా వెళ్లాను, వాషింగ్ మెషిన్ కోసమే. గుమ్మంలో ఓ పెద్దావిడ వెల్లుల్లి ఒలుస్తూ కూర్చుంది. కళ్లజోడుకి ఓ పక్క దారం కట్టుకుంది. ‘ఆ పేరుగలది ఈ వీధిలో ఎప్పుడూ లేదు నాయనా’ అంది. ఎంత ఆప్యాయంగా చెప్పిందనుకున్నారు!”

సంతకానికని ఆయన ఇచ్చిన కలం కోడలి చేతిలో ఆగిపోయింది. ఆ కళ్లజోడుకి దారం కట్టింది తనే.

సంతకం పెట్టేసి ఊరుకుంటే మెషిన్ వస్తుంది. ఆడపడుచు ఇంటికే వచ్చినా, వంతెన దాటించటం ఎంతసేపు? ఆ సంగతి ఆమెకి తెలియక కాదు. కానీ తను ఉండని చోట ఉంటుందని ముక్కూముఖం తెలియని మనిషి సాక్ష్యం చెప్పాడు. తను ఉండే చోట లేనే లేదని సొంత అత్తగారు చెప్పింది. ముందు నవ్వొచ్చింది, వెనకే ఒళ్లు మండింది. ఆ మంటలో నిజం బయటికొచ్చేసింది.

“ఆ పేరు నాదేనండీ. ఆవిడ మా అత్తగారు. నేను ఉండేది అక్కడే, ఇక్కడ కాదు.”

ఆడపడుచు ట్రేని బల్ల మీద ఠపీమని పెట్టింది.

ఆయన చల్లటి టీని చివరిదాకా తాగాడు. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

“దీన్ని తప్పుడు చిరునామా అని రాయాలి. రాస్తే మీకు ఇంకెక్కడా అప్పు పుట్టదు.”

“రాయకండి బాబూ, దానికి బుద్ధి లేదు,” అంది ఆడపడుచు.

“బుద్ధి లేకపోతే నాకెందుకమ్మా చెబుతుంది?” ఆయన కోడలి వైపు తిరిగాడు. “రేపు పొద్దున్న వేరే పని మీద మీ వీధికి వస్తున్నాను. ఇంటివాళ్లు కాకుండా ఇరుగుపొరుగు ఇద్దరు మీరు అక్కడ ఉంటారని చెబితే, ఇది చించేసి మీ పాత దరఖాస్తునే మళ్లీ పైకి పంపుతాను. చెప్పకపోతే నేనేం చేయలేను.”

“ఇద్దరేనా? వీధంతా చెబుతారు.”

“చూద్దాం,” అన్నాడు. ఆయనకీ చూడాలనే ఉన్నట్టుంది.

ఆయన వెళ్లాక ఆడపడుచు బాల్కనీలో చీరలు లాగి సూట్‌కేసులో కుక్కింది. “నోటి దగ్గరికొచ్చింది తన్నేసుకున్నావు. ఇంకెప్పుడూ నన్నేదీ అడక్కు,” అంది. కోడలు నిజంగానే ఏమీ అడగలేదు. తన చెప్పులు తను తొడుక్కుని లిఫ్టు దిగింది.

* * *

“నేను లేనన్నారా అత్తయ్యా?” సూట్‌కేసు కింద పెట్టకుండానే అడిగింది.

అత్తగారు కళ్లజోడు పైకి తోసుకుంది. “ఎవరితో?”

“హెల్మెట్‌తో వచ్చినాయనతో.”

“హెల్మెట్‌తో వచ్చినవాళ్లందరితోనూ అంటాను. నీ కోసం ప్రత్యేకం ఏముంది?”

“నా పేరు విని కూడానా?”

“నీ పేరు విన్నాననే అన్నాను!” అత్తగారు ఒంటికాలి మీద లేచింది. “సంచి తగిలించుకుని, బూట్లు తొడుక్కుని, కాగితంలో నా కోడలి పేరు రాసుకొచ్చి ఉందా అని అడిగితే, ఉందని పట్టిస్తానా? నువ్వు పెరట్లో దుప్పట్లు పిండుతున్నావు. ఎక్కడ బయటికొస్తావోనని నా గుండె దడదడలాడింది.”

కోడలు సూట్‌కేసు మీదే కూలబడింది.

పక్కనే ఉన్న ఆమె భర్త నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు.

“నవ్వకు!” అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

పెరట్లో తడి దుప్పటి గాలికి టపటపా కొట్టుకుంది. అత్తగారు వెల్లుల్లి పొట్టు ఊదింది, మళ్లీ దగ్గరికి ఎత్తింది, మళ్లీ ఊదింది.

“ఎదురింటి దర్జీ కుట్టుమిషన్ సంగతి నీకు తెలియదు,” అంది చివరికి. “నువ్వు కాపురానికి రాకముందు. ఇలాగే ఒకడొచ్చాడు. ఇక్కడ బట్టలు కుట్టే ఆవిడ ఎక్కడుంటుందండీ అని నన్నే అడిగాడు. ఏదో కుట్టించుకోవటానికేమో అనుకున్నాను. అదిగో అని వేలు పెట్టి చూపించాను. ఒక్క వాయిదా తప్పిందట. మిషన్ మోసుకుపోతుంటే ఆవిడ నా వంక చూసింది. ఏమీ అనలేదు, ఊరికే చూసింది. ఆ రోజునుంచి నాకు ఎవరూ తెలియదు. అలా చెప్పమని వీధిలో అందరికీ నేర్పిందీ నేనే.”

కోడలికి ఇది కొత్త. ఇన్నేళ్లలో అత్తగారిని ఎన్నో అడిగింది. ఇలా ఎందుకంటారని మాత్రం ఎప్పుడూ అడగలేదు, ఆ వీధిలో అది మామూలు మాటే కాబట్టి. తనూ ఎంతమందినో అలాగే తిప్పి పంపింది.

“అందరం అందర్నీ కాపాడుతున్నాం అనుకున్నాం అత్తయ్యా. దాంతో ఎవరికీ ఏదీ పుట్టకుండా పోయింది.”

“అంటే తప్పంతా నాదా?”

“తప్పని కాదు. ఎలా జరిగిందా అని చూస్తున్నాను.”

“చూడు, చూడు. పీకలమీదకొచ్చినా చూస్తూనే ఉంటావు నువ్వు.” అత్తగారు కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. “నిన్ను కడుపులో పెట్టుకుని దాచాననుకున్నాను. నీ చేతులు అలా అవటానికి నేనే కారణమంటావు, అంతేనా?”

కోడలికి ఏడుపొచ్చింది. అత్తగారి పక్కన చతికిలబడి ఓ వెల్లుల్లిపాయ అందుకుంది.

“ఆ చేతులతోనా? మండిపోతుంది,” అని ఆవిడ పళ్లెం లాక్కుంది.

వెల్డరు గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. “చెల్లెమ్మ వచ్చేసిందన్నమాట. పెద్దమ్మ మాటలు విని రాయబారానికి బయల్దేరదామనుకున్నాను.”

లిఫ్టు మెకానిక్ సంగతంతా చెప్పాడు. రేపొచ్చే మనిషికి ఇరుగుపొరుగు ఇద్దరు కావాలి, ఎదురింటి దర్జీ ఒకరు, నువ్వొకడివి, అన్నాడు.

వెల్డరు నీళ్లు నమిలాడు. అతని ఇబ్బంది అక్కడున్న ముగ్గురికీ తెలుసు. వేరే పేటలో ఉన్నప్పుడు వాయిదాల మీద బండి కొన్నాడు. కంట్లో నిప్పురవ్వ పడి పనికి దూరమయ్యేసరికి వాయిదాలు ఆగిపోయాయి. ఆ ఇల్లు ఖాళీ చేసి ఈ వీధికొచ్చేశాడు. ఇనుపకడ్డీలు, గ్యాస్ సిలిండర్ మోసేది ఆ బండి మీదే. బండి పోతే పని లేదు.

“ఇవాళ నీ గురించి ఉందని చెబుతాం,” అన్నాడు మెల్లగా. “చెప్పటం ఒకసారి మొదలయ్యాక, రేపు నా గురించి అడిగితే ఏం చెబుతారు చెల్లెమ్మా?”

“నీ గురించి ఎవరు చెబుతారన్నయ్యా?”

అతను వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

* * *

దర్జీ ఆవిడకి ముందే అంతా చెప్పి ఉంచారు. “అదెంత పని!” అందావిడ కూడా. తీరా పొద్దున్న హెల్మెట్, సంచి, కాగితం కళ్లబడేసరికి నోరు దాని దారిన అది పోయింది.

“ఆ పేరుగలవాళ్లు ఈ వీధిలో ఎవరూ లేరు బాబూ.”

ఎదురుగా గుమ్మంలో కోడలు నిలబడే ఉంది. దర్జీ నెత్తి బాదుకుంది.

“అయ్యయ్యో, ఉంది బాబూ, ఉంది! అదిగో ఆవిడే. నా నోరు పడిపోను!”

“ఉందా, లేదా? ఏది రాయమంటారు?”

“ఉందనే రాయండి. లేదన్నది నేను కాదు, నా అలవాటు.”

ఆయన నవ్వి రాసుకున్నాడు. “ఒకరయ్యారు. రెండో మనిషి?”

వీధిలో తలుపులన్నీ తీసే ఉన్నాయి. ఒక్కరూ బయటికి రాలేదు. పక్కింటి ముందు బండి లేదు. అది చూసి కోడలు, వెల్డరు తెల్లారకుండానే పనికి వెళ్లిపోయాడనుకుంది. అతన్ని తప్పుపట్టాలని కూడా ఆమెకి అనిపించలేదు.

అంతలో సందు మలుపులోంచి అతను నడిచి వచ్చాడు. బండిని ఎక్కడో దాచి వస్తున్నాడు. తిన్నగా ఆయన ఎదుటికొచ్చి నిలబడ్డాడు.

“ఈ చెల్లెమ్మ నాకు తెలుసు సార్. పక్కిల్లే మాది. నాకు కన్ను కనిపించక పడుకున్నన్నాళ్లూ మా ఇంట్లో వంట చేసిపెట్టింది. ఇక్కడే ఉంటుంది. రాసుకోండి.”

“మీ పేరు?”

వెల్డరు సందు మలుపు వైపు చూశాడు. తలుపు చాటునుంచి అత్తగారు తొంగి చూసింది.

“అక్కర్లేదులెండి. పక్కింటాయన అని రాస్తే చాలు,” అంటూ ఆయనే రాసేసుకున్నాడు. “అయిపోయిందమ్మా. మీ కాగితం ఇవాళే పైకి వెళుతుంది. ఈ వీధిలో నాకు మనిషి దొరకటం ఇదే మొదలు.”

అత్తగారు గబగబా బయటికొచ్చి కోడలి చేయి పట్టుకుంది. ఆవిడ కళ్లజోడు వెనక కళ్లు చెమర్చాయి. కోడలికి ఆయన్ని ఇంకా ఎన్నో అడగాలని ఉంది. ఒకసారి చెడ్డ పేరు పడిన వీధికి మంచి పేరు రావాలంటే ఎంతమంది దొరకాలి అని అడగబోయింది.

ఆయన సంచిలోంచి ఇంకో కాగితం తీశాడు.

“ఇప్పుడు నా రెండో పని. ఇన్నాళ్లలో ఈ వీధి మనుషుల్లో నాకు అడక్కుండానే నిజం చెప్పింది మీరొక్కరే. చేతికందిన మెషిన్ పోతుందని తెలిసి కూడా చెప్పారు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. వాయిదాలు ఎగ్గొట్టి బండితో సహా మాయమైన మనిషి. ఈ చుట్టుపక్కలే ఉన్నాడని కబురు.” పేరు చదివాడు, తండ్రి పేరుతో సహా. “మీకు తెలుసా?”

అది వెల్డరు పేరు.

వెల్డరు ఆయన పక్కనే, మోచేయి తగిలేంత దగ్గరలో ఉన్నాడు. వెళ్లిపోతే అనుమానం వస్తుంది. ఉంటే ఎవరైనా పేరు పెట్టి పిలవొచ్చు. కోడలి చేతి మీద అత్తగారి పట్టు బిగిసింది, పగిలిన వేళ్లు చుర్రుమన్నాయి. చెప్పమనో, చెప్పవద్దనో తెలియలేదు.

లేడంటే అబద్ధం. అది ఎప్పుడు బయటపడినా ఈ వీధి మాటని ఇంకెవరూ నమ్మరు, ఆమె కాగితం ఆ పూటే చిరిగిపోతుంది. ఉన్నాడంటే, పనీపాటా అంతా ఆ బండి మీదే ఉన్న మనిషిని, తన కోసం దాక్కోవటం మానుకుని వచ్చిన మనిషిని చేజేతులా పట్టించినట్టు.

“అమ్మా, మిమ్మల్నే. ఉన్నాడా, లేడా?” ఆయన కలం మూత తీశాడు.

కోడలు వెల్డరు ముఖంలోకి చూసింది. ఇంతసేపూ నేలచూపులు చూస్తున్నవాడు ఇప్పుడు తలెత్తాడు. చెప్పమనీ లేదు, వద్దనీ లేదు ఆ చూపులో. భయం ఒక్కటే ఉంది.

ఆమె నోరు తెరిచింది.